గోడకు ఫెల్ట్, వీధికి డీజే

మా వీధి ఫంక్షన్ హాలుకు ఈమధ్య పర్యావరణ స్పృహ కలిగింది. వాడి పారేసిన నీళ్ల సీసాలను ముక్కలు చేసి, కరిగించి, దారం తీసి, అట్టలా నొక్కిన ఫెల్ట్ పలకలు గోడల నిండా అంటించారు. గేటు మీద బోర్డు: ‘శబ్దరహిత హరిత కల్యాణ వేదిక’. ఇక మోత గురించి నోరెత్తినవాడు పర్యావరణ ద్రోహి.

పలకల తప్పేం లేదు, పాపం. ఆ పీచు సందుల్లో దూరిన శబ్దం రాపిడికి కాస్త వేడిగా మారుతుంది, హాల్లో ప్రతిధ్వని తగ్గుతుంది. అంతే. మోత బయటికి రాకూడదంటే బరువైన గోడలు, సందులేని తలుపులు కావాలి. బ్రోషర్‌లో ఎన్.ఆర్.సి. (పలక శబ్దాన్ని ఎంత పీలుస్తుందో చెప్పే అంకె) 0.8 అని ఉంది కాబట్టి 80 శాతం మోత మాయమని మేనేజరు లెక్క. ఆ అంకె 250 నుంచి 2000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు) దాకా నాలుగు శ్రుతుల దగ్గర తీసిన సగటు. మన కిటికీలు అదరగొట్టే డీజే దరువు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అది ఆ పరీక్షకే కూర్చోలేదు.

మొన్నటి పెళ్లిలో డీజే బండి గేటు దగ్గరే ఆగింది. ఏసీ చాలక తలుపులు బార్లా తెరిచారు. మంత్రాలు వినపడక పురోహితుడు మైకు పెంచమన్నాడు. పాట వినపడక బయట డీజే పెంచారు. ముహూర్తానికి ‘గట్టిమేళం’ అని ఆయన గొంతు చించుకుంటే ఎవరికీ వినపడలేదు. వేలు గాల్లో తిప్పాడు. దాహమేమో అనుకుని నాలుగు నీళ్ల సీసాలు తెచ్చారు. ఖాళీ సీసాల గుట్ట చూసి మేనేజరు ‘ముడిసరుకు సార్’ అని మురిసిపోయాడు. రాత్రి పది దాటితే ఇళ్ల మధ్య 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నుంచీ రూల్ ఉందయ్యా అంటే, నా చెయ్యి పట్టుకుని గోడకు ఆనించాడు: ‘ఎంత మెత్తగా ఉందో చూడండి!’

ప్రతిధ్వని నిజంగా కొంప ముంచేది బడిలో. ఉత్త సిమెంటు గోడలు, పైన రేకులు. టీచరమ్మ అరిచిన మాట వెనక బెంచీకి ముద్దగా చేరుతుంది. వానొస్తే పాఠం బంద్. ఈ పలకలు తగిలించాల్సింది అక్కడ కదా! ఆ సీసాలు చెత్తకుప్పల్లో ఒట్టి చేతులతో ఏరినవాళ్ల పిల్లలు చదివేదీ అలాంటి గదుల్లోనే. వాళ్ల గోడకు ఒక్క పలక అంటించడానికి ఎవరికీ చేతులు రావు. సిగ్గులేని జాతి!

మిగిలిన పలకలు ఇప్పుడు డీజే బండి క్యాబిన్‌లో అంటిస్తున్నారు. డ్రైవరుకు తలనొప్పిగా ఉందట.