మళ్లీ వాడిన వీడియో టేపు గారికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నం తమరి దర్శనం కోసం మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నవాణ్ని నేనే. ఛానెల్ పేరు రాయనులెండి. పెట్టె మీద మార్కర్‌తో '9-12-2009, ఆర్ట్స్ కాలేజీ, రాత్రి' అని ఎంత అందంగా రాసి ఉంది! చేతులు వణికాయి. ప్లేయర్లో పెట్టారు.

గుత్తి వంకాయ కూర.

ఢిల్లీలో అప్పటి హోంమంత్రి చిదంబరం గారు అర్ధరాత్రికి కాస్త ముందు తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని చదివిన ముక్క నాకక్కర్లేదు. అది ఫోన్లో వెతికితే వస్తుంది. రెండు వారాలకే, డిసెంబర్ 23న, ఆ మాట మీద ఢిల్లీ వాళ్లు ఇంకో మాట రికార్డు చేశారు. ఆ విద్య తమరే నేర్పారా?

నాకు కావలసింది ఇవతలి వైపు. మర్నాడు చలో అసెంబ్లీ. కేసీఆర్ దీక్షకు పదకొండో రోజు. ప్రకటన ఇంగ్లీషులో రావడంతో "ఏమన్నడు? ఇచ్చిండా, ఇయ్యలేదా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అర్థమయ్యాక లేచిన కేక ఉంది చూశారూ, అది ఏ ప్రభుత్వ రికార్డులోనూ ఉండదు. తమరి దగ్గరే ఉండేది. దాని మీద వంకాయలు నిలువునా నాలుగు చీలికలు కోయించారు!

పోనీ, చందమామ మీద నడక అసలు టేపుల్నే చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని నాసా వాళ్లే తేల్చారు. 2014 ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లు లోక్‌సభలో పాసవుతుంటే ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది, సాంకేతిక లోపమన్నారు. చెరిపేంత శ్రమ కూడా లేదు. కానీ వంకాయేమిటి? ఇంకో టేపు కొనడానికి డబ్బుల్లేవా? ఆ మార్కర్ రాత చదవడం రాదా మీ వాళ్లకి? కూర వండితే మళ్లీ వండుకోవచ్చురా, ఆ రాత్రిని ఎవడు వండుతాడు?

క్షమించాలి, నోరు జారింది.

ఆపెయ్యమని లేచాను. ఆపరేటర్ కుర్రాడు మాత్రం "ఉండండి సార్, కూర అయిపోనివ్వండి" అన్నాడు. అయిపోయింది. యాంకరమ్మ రుచి చూసి కళ్లు మూసుకుంది. తెర మీద గీతలు. ఆ తర్వాత చీకటి, ఎవరిదో భుజం, ఊగిపోతున్న జెండా, "ఇచ్చిండ్రా!" అని ఒక గొంతు. పన్నెండు సెకన్లు. ఫోన్లో తీసుకున్నాను.

ఆ గొంతు నాదేనని ఇంట్లో మావాడికి పదిసార్లు చెప్పాను. నమ్మడం లేదు.

ఇట్లు,
భుజం వెనకాల ఉన్నవాడు