ఏ ప్లస్, ఏ మైనస్ పెట్టేస్తే అయిపోయిందా?

చాలా సర్కారీ ఆరోగ్య వెబ్‌సైట్లలో పైన కుడిమూల మూడు బుల్లి బటన్లు ఉంటాయి: ఏ ప్లస్, ఏ, ఏ మైనస్. అవి పెట్టేసి దివ్యాంగులకు అన్నీ చేసేశాం అనుకుంటారు. అక్షరాలు పెద్దవి చేయడం ప్రతి బ్రౌజర్‌కీ వచ్చు, కంట్రోల్ పట్టుకుని ప్లస్ కొడితే చాలు. ఆ బటన్లు పీకేసినా ఎవరికీ నష్టం లేదు. గొడవంతా హోమ్ పేజీ దాటాక, ఓపీ స్లాట్ ఫారంలో మొదలవుతుంది. చూపులేనివాళ్లు దాన్ని సొంతంగా నింపలేరు.

'ఎవరో ఒకరు సాయం చేస్తార్లే' అనేవాళ్లకు ఒక మాట. కరెంటు బిల్లు పక్కింటి కుర్రాడితో కట్టించుకోవచ్చు. హెచ్ఐవీ రిపోర్టు కూడా వాడితోనే చదివించుకోవాలా? సైకియాట్రీ అపాయింట్‌మెంట్ నెట్ సెంటర్‌లో నలుగురి మధ్య పైకి చెప్పి నింపించుకోవాలా? చూపున్నవాళ్లకు ఉన్న గుట్టు చూపులేనివాళ్లకు ఎందుకు ఉండకూడదు?

ఇదేం కొత్త సంగతి కాదు. కోవిడ్ టీకాల సమయంలో, 2021 మే 31 నాటి ఉత్తర్వులో టీకా స్లాట్లు బుక్ చేసుకునే కోవిన్ పోర్టల్ లోపాలను సుప్రీంకోర్టు ప్రస్తావించింది. కాప్చాకు (మనిషేనా అని పరీక్షించే వంకర అక్షరాలకు) వినే దారి లేదు, ఎన్ని స్లాట్లు ఖాళీ ఉన్నాయో చూపులేనివాళ్లకు తెలియదు, ఫిల్టర్లు వాడలేరు. దివ్యాంగులు వాడగలరో లేదో ఆడిట్ చేయించమంది. ఇప్పుడు కొత్తగా కట్టే సైట్లలోనూ అవే తప్పులు చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

క్యాలెండర్ సంగతే తీసుకోండి. ఖాళీ ఉన్న తేదీ ఆకుపచ్చ, నిండిపోయింది ఎరుపు. రంగుల తేడా తెలియనివాళ్లకు రెండూ ఒకటే. పైగా ఆ గడులు నిజమైన బటన్లు కావు, డివ్ ట్యాగ్‌కు (పేజీలో ఉత్త డబ్బా గీసే కోడ్‌కు) క్లిక్ తగిలించినవి. మౌస్ వాడలేనివాళ్లు ట్యాబ్ కీ కొడుతూ పోతే క్యాలెండర్ మొత్తాన్ని దాటేసి కింద 'సబ్మిట్' దగ్గర తేలుతుంది. తెర మీది రాతను పైకి చదివే స్క్రీన్ రీడర్ 'పద్నాలుగు' అంటుంది, అంతే. అది నొక్కేదో, ఉత్త అంకో తెలియదు. మందు చిన్నదే: బటన్ ట్యాగ్ వాడి, దాని పేరుగా '14 సోమవారం, 6 స్లాట్లు ఖాళీ' అని పెట్టండి. నిండిపోతే ఆ మాటే రాయండి.

తర్వాత ఓటీపీ. అందంగా ఉంటుందని ఆరంకెలకు ఆరు పెట్టెలు పెడతారు. ఏ పెట్టెకూ లేబుల్ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆరుసార్లు 'ఎడిట్ బాక్స్' అంటుంది, పేస్ట్ చేస్తే మొదటి అంకె ఒక్కటే పడుతుంది. మెసేజ్ దగ్గరికి వెళ్లి, అంకెలు విని, గుర్తుపెట్టుకుని వెనక్కి వచ్చేసరికి ముప్పై సెకన్లు దాటి లాగౌట్. పెట్టె ఒక్కటే పెట్టండి, దానికి లేబుల్ ఇవ్వండి, మెసేజ్ నుంచి అంకెలు వాటంతట అవే పడేలా ఆటోకంప్లీట్ పెట్టండి. సెషన్ గడువు ముగిసేముందు హెచ్చరించి, ఏదో ఒక కీ నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, అలా పదిసార్లైనా పొడిగించుకోనివ్వాలని వెబ్‌సైట్లు దివ్యాంగులకు అందేలా కట్టడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెబుతోంది.

ఇక మన తెలుగు తంటా. పేజీ అంతా తెలుగే, కానీ కోడ్‌లో భాష ఇంగ్లీష్ అని ఉంటుంది, టెంప్లేట్‌లో వచ్చింది వచ్చినట్టే వదిలేస్తారు. దాంతో కంప్యూటర్‌లో వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఇంగ్లీష్ గొంతుకు మారి మన మాటల్ని ముక్కలు ముక్కలుగా చదువుతుంది, లేదా మింగేస్తుంది. పేజీ కోడ్ మొదట్లోని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ (భాష) విలువ 'టీఈ' (తెలుగు) అని మార్చాలి. రెండక్షరాల పని! మధ్యలో ఇంగ్లీష్ వాక్యం వస్తే దానికి మాత్రం విడిగా 'ఈఎన్' అని పెట్టాలి.

పీడీఎఫ్‌లు మరీ ఘోరం. డీటీపీలో వాడే పాత తరహా అను ఫాంట్లలో టైప్ చేసినవి కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు. నమ్మకపోతే ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ పడిన చెత్తే స్క్రీన్ రీడర్ చదివేది. ల్యాబ్ రిపోర్టుదైతే ఇంకో విచిత్రం: కంప్యూటర్‌లో శుభ్రంగా ఉన్నదాన్ని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కిస్తారు. అది ఫొటో, అందులో చదవడానికి అక్షరమే లేదు. యూనికోడ్‌లో (లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో) టైప్ చేసి, నేరుగా పీడీఎఫ్ చేసి, డిజిటల్ సంతకం పెడితే సరిపోయేదానికి ఇంత చాకిరీ ఎందుకో.

బధిరులకు సాయం కావాలంటే '104కు కాల్ చేయండి' అని రాయడం వెటకారంలా ఉంటుంది. ఎస్సెమ్మెస్సో వాట్సాపో పెట్టండి. వీడియోలకు తెలుగు క్యాప్షన్లు వేయండి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు రాతలు మానండి, అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. చేతులు వణికేవాళ్లు పక్క బటన్ నొక్కేయకుండా బటన్లు 24 పిక్సెళ్లకు తగ్గనివ్వకండి. 'బాహ్య రోగుల విభాగము' అనకండి బాబూ, జనం ఓపీ అంటారు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. దానికింద అందుబాటు ప్రమాణాల కోసం వచ్చిన 15వ నిబంధన ఉత్త సలహాలా ఉందని, తప్పనిసరి ప్రమాణాలు రాయాల్సిందేనని రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో మరో తీర్పూ వచ్చింది. టెండర్లలో మాత్రం ఇప్పటికీ 'ప్రమాణాల ప్రకారం ఉండవలెను' అని ఒక లైను రాసి వదిలేస్తే ఏం లాభం? ఆటోమేటిక్ టూల్‌తో స్కోరు తెచ్చి చూపిస్తారు. బొమ్మకు వివరణ ఉందా లేదా అనేదే ఆ టూల్ చూస్తుంది, వివరణలో 'ఇమేజ్1' అని ఉన్నా చాలాసార్లు పాసే.

టెండర్‌లో ఇలా రాయండి: లాగిన్, స్లాట్ బుకింగ్, రద్దు, రిపోర్ట్ డౌన్‌లోడ్, ఈ నాలుగు పనులూ ఎన్‌వీడీఏతో ఒకసారి, టాక్‌బ్యాక్‌తో ఒకసారి, రోజూ వాటినే వాడే చూపులేని వ్యక్తి ఎవరి సాయం లేకుండా పూర్తిచేయాలి. ఆ పరీక్షకు ఆయనకు ఫీజు ఇవ్వాలి. నాలుగూ అయ్యేదాకా ఆఖరి బిల్లు మీద సంతకం పెట్టకూడదు. సైట్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇదే పరీక్ష, ఎందుకంటే నిన్న పనిచేసిన బటన్ కొత్త డిజైన్ రాగానే మళ్లీ డివ్ అయి కూర్చుంటుంది.