పొడంపేటకు ఇసుక కరువు

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పొడంపేట అనే ఊరు ఉండేది. పేరు వింటేనే మనవాళ్ళ ఊరని తెలిసిపోతుంది. ఒడిశావాళ్ళు నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారులు అక్కడ తరాలుగా వేట మీదే బతికారు. సముద్రం ఒడ్డును కోసేయగా పాత ఊళ్ళో ఇప్పుడు మిగిలింది ఇసుకలో కూరుకుపోయిన మొండిగోడలే. జనం కొత్త కాలనీకి వెళ్ళిపోయారు.

ఎందుకిలా అయిందంటే ఎక్కువమంది వాతావరణ మార్పు అనేసి ఊరుకుంటారు. ఆ మాటలో నిజం ఉంది, అయితే ఎంతుందో లెక్క చూడాలి. కేంద్ర భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక ప్రకారం 1993 నుంచి 2017 దాకా ఉత్తర హిందూ మహాసముద్రం మట్టం ఏటా సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. పాతికేళ్ళకు 8 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన పైలిన్ లాంటి తుపానుకు ఆ బెత్తెడు తోడైతే నష్టం పెరుగుతుంది, సందేహం లేదు. కానీ ఆ బెత్తెడు ఒక్కటే ఊరిని మింగిందంటే నేను నమ్మను.

ఇసుక సంగతి చూడాలి. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. వచ్చిన ప్రతి అల గుప్పెడు ఇసుకను ఉత్తరానికి జరుపుతుంది. మన తూర్పు తీరంలో ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా నడిచిపోతుంటుంది. వెళ్ళిన ఇసుకకు బదులు దక్షిణం నుంచి కొత్తది వస్తేనే ఒడ్డు నిలుస్తుంది. మధ్యలో రాతి గట్టు అడ్డం పడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. గోపాల్‌పూర్ పోర్టు గట్ల ప్రభావం మీద బరంపురం యూనివర్సిటీ పరిశోధకులు 2012లోనే పత్రం ప్రచురించారు. ఋషికుల్య మొగ ఆ పోర్టుకు ఉత్తరాన ఉంది. తప్పంతా గట్లదే అనను, మొగ తనంతట తానూ జరుగుతుంటుంది. అయినా మనిషి చేతిలో ఉన్న కారణాన్ని వదిలేసి ఆకాశం వైపు చూపించడం అన్యాయం.

ఈ ఒడ్డుకే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళూ వస్తాయి. 2023లో 6 లక్షలకు పైగా వచ్చాయి. తల్లి తాబేలు వెనక కాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటి బరువంతా వేసి అదిమి వెళ్తుంది. పుట్టేది ఆడో మగో తేల్చేది ఆ గొయ్యిలోని వేడే. ఇసుక ఎక్కువ వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ. అందుకే పరిశోధకులు అక్కడి ఇసుక వేడిని కొలుస్తున్నారు. వాతావరణ మార్పు దెబ్బ ఇక్కడ సూటిగా తగులుతుంది.

కోత ఆపడానికి రాతి గోడ కట్టమని అడిగేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ గోడ కడితే తాబేలు ఒడ్డెక్కలేదు, కోత పక్క ఊరికి జరుగుతుంది. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు పంపు చేస్తున్నారు. గంజాంలోనూ గట్టు దగ్గర ఆగిన ఇసుకను తోడి ఉత్తరాన పోయాలి. తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా మరబోట్ల వేటపై నిషేధాన్ని భరిస్తున్న ఊళ్ళు ఇవి. ఇసుక తోడిపోసే ఖర్చు వాళ్ళ నెత్తిన పడకూడదు, ఇసుకకు అడ్డం కట్టినవాళ్ళే పెట్టుకోవాలి.