ట్రాయ్‌మెరైని నిద్రపుచ్చకండి

మన పిల్లల పియానో రిసైటల్స్‌కి వెళ్ళేవాళ్ళందరికీ ఈ ముక్క తెలిసే ఉంటుంది, పేరు తెలియకపోయినా. కింది పంచమం మీద మొదలై, షడ్జమం మీదకి దూకి, అక్కడ కాసేపు నిలబడి, ని స గ ప అంటూ మెల్లగా తారస్థాయి షడ్జమానికి ఎక్కుతుంది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తుతారు. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ రాసిన ‘ట్రాయ్‌మెరై’ (అంటే కలల్లో తేలడం) అది. 1838లో లైప్‌జిగ్‌లో, తన ఇరవయ్యేడో ఏట, ‘కిండర్‌స్సేనెన్’ (బాల్యదృశ్యాలు) అన్న పదమూడు చిన్న ముక్కల సంపుటిలో ఏడోదిగా రాశాడు.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. దీన్ని అందరూ మరీ సాగదీసి వాయిస్తున్నారు. పిల్లలు పెద్దవాళ్ళని చూసి, పెద్దవాళ్ళు ఒక ప్రసిద్ధ వీడియోని చూసి. నెమ్మదిగా ఉంటే లోతుగా ఉన్నట్టే అని మనకి ఎవరు చెప్పారో గానీ, గట్టిగా నమ్మేశాం.

చిన్న లెక్క వేద్దాం. ముక్క మొత్తం 24 బార్లు (బారంటే మన తాళంలో ఆవర్తం లాంటిది). మొదటి ఎనిమిదీ రెండోసారి వాయించాలి కాబట్టి 32. బారుకి నాలుగు బీట్లు చొప్పున 128 బీట్లు. షూమన్ దీని పైన నెమ్మదిగా అనో, భావయుక్తంగా అనో ఒక్క మాట రాయలేదు. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) అంకె మాత్రం ఇచ్చాడు, నిమిషానికి 100 బీట్లు. ఆ లెక్కన ముక్క ఒక నిమిషం పదిహేడు సెకన్లలో అయిపోవాలి! చివర నెమ్మదించడానికీ, ఒకచోట ఆగడానికీ ఇంకో పది సెకన్లు కలుపుకోండి. షూమన్ పోయాక చాలా ఏళ్ళకి ఆయన భార్య క్లారా తన ఎడిషన్‌లో ఆ అంకెని 80కి దించింది. అప్పుడు ఒక నిమిషం ముప్ఫయ్యారు సెకన్లు. ఈ రోజు మనం వినే రికార్డింగుల్లో ఎక్కువ భాగం రెండున్నర నుంచి మూడు నిమిషాలు నడుస్తాయి. అంటే షూమన్ చెప్పిన వేగంలో ఇంచుమించు సగం.

షూమన్ మెట్రోనోమ్ చెడిపోయిందని ఒక కథ ఎప్పటినుంచో చలామణీలో ఉంది. వాయించేవాళ్ళకి అంతకన్నా అనుకూలమైన కథ ఇంకోటి దొరకదు. ఒకవేళ అదే నిజమైనా, ఆయన పక్కనే బతికి, ఆ కాలపు గొప్ప పియానిస్టుల్లో ఒకరైన క్లారా మెట్రోనోమ్ కూడా చెడిపోయిందా?

ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి గుర్తు చెయ్యాలి. ఒకే కీర్తనని ఎవరు ఎలా పాడారో తెల్లవార్లూ వాదించుకోగలం. ఆయన ఆ సంగతి వెయ్యలేదనీ, ఈవిడ కాలప్రమాణం జారిందనీ. అదే మన అమ్మాయి పియానో ముందు కూర్చుంటే మాత్రం అడిగేది ఒకటే: తప్పుల్లేకుండా వాయించిందా? కీర్తనలో పాడేవాళ్ళకి సంగతులున్నాయి, నెరవలు ఉంది, కల్పనస్వరాలున్నాయి. షూమన్‌లో ఒక్క స్వరం కలపడానికి వీల్లేదు, తియ్యడానికి వీల్లేదు. కాబట్టి మనిషికీ మనిషికీ తేడా అంతా వేగంలో, వేలి బరువులో, ఒకేసారి నడిచే నాలుగు గొంతుల్లో, అంటే నాలుగు స్వరాల వరసల్లో, దేన్ని పైకి తెస్తున్నారన్న దాంట్లో దాక్కుంటుంది. వినడానికి ఇంకాస్త చెవి పెట్టాలి, అంతే.

ఫానీ డేవిస్‌తో మొదలుపెట్టండి. ఇంగ్లండ్ ఆవిడ, ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్లారా దగ్గరే నేర్చుకుంది. 1920ల చివర్లో, బాగా పెద్ద వయసులో, ఈ సంపుటి మొత్తం రికార్డు చేసింది. పాత రికార్డు కాబట్టి బరబరమని చప్పుడొస్తుంది, దానికి అలవాటుపడాలి. ఇప్పటి చెవికి ఆవిడ ట్రాయ్‌మెరై తొందరపడుతున్నట్టే ఉంటుంది. రెండోసారి వినండి. నాలుగు బార్ల వాక్యం ఒకే ఊపిరిలో వెళ్తుంది. పైకి ఎక్కిన స్వరం కిందకి ఎందుకు దిగుతోందో తెలుస్తుంది. సెంటిమెంటు ఎక్కడా వడ్డించదు.

ఫ్రెంచి పియానిస్టు ఆల్ఫ్రెడ్ కోర్తో పద్ధతి వేరు. 1935 రికార్డింగులో రెండు చేతులూ ఒకేసారి పడవు. ఎడమచెయ్యి ముందు, పాట రవ్వంత వెనక. మన టీచర్లు వింటే బెత్తం తీస్తారు. కానీ ఆ రవ్వంత ఆలస్యం వల్లే పై గొంతు విడిగా, మనిషి గొంతులా వినిపిస్తుంది. ఆ కాలంలో అది తప్పు కాదు, మర్యాద. పిల్లలకి ఇది వినిపించండి, అనుకరించమని మాత్రం చెప్పకండి. చెప్పినా కుదరదు.

ఇక అందరూ అనుకరించే వాయింపు. 1986 ఏప్రిల్ 20, మాస్కో కన్సర్వేటరీ పెద్ద హాలు. కీవ్‌లో పుట్టి, 1925లో సోవియట్ దేశం వదిలి వెళ్ళిపోయిన వ్లదిమిర్ హోరోవిట్స్ అరవయ్యొక్కేళ్ళ తరవాత తిరిగొచ్చి కచేరీ చేశాడు. వయసు 82. టికెట్లు దొరకని విద్యార్థులు కాపలా తోసుకుని లోపలికి జొరబడ్డారు. కచేరీ అయ్యాక అదనంగా ఈ ముక్క వాయించాడు. కెమెరా జనం వైపు తిరిగినప్పుడు ఒకాయన కదలకుండా కూర్చుని ఉంటాడు, చెంప మీద నీటిబొట్టు జారుతూ ఉంటుంది. ఊరొదిలి వచ్చిన మనలాంటివాళ్ళు ఆ వీడియోని మామూలుగా చూడలేరు. నేనూ చూడలేను.

అయితే ఆ కన్నీటికి హోరోవిట్స్ ఒక్కడే కారణం కాకపోవచ్చు. వోల్గోగ్రాద్‌లో, అంటే పాత స్టాలిన్‌గ్రాద్‌లో, యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం ఒకటుంది, మమాయెవ్ కుర్గాన్ గుట్ట మీద. 1967లో తెరిచారు. అక్కడి వీరుల మందిరంలో అఖండజ్యోతి చుట్టూ వినిపించేది ఈ ట్రాయ్‌మెరై, బృందగానంగా. జర్మన్ సైన్యంతో పోరాడి చనిపోయినవాళ్ళకి జర్మన్ స్వరకర్త పాట! ఆ హాల్లో కూర్చున్న తరానికి ఇది బాల్యపు ముచ్చట మాత్రమే కాదు, సంతాపం కూడా. తిరిగొచ్చిన ముసలాయన చేతుల మీదుగా ఆ పాట వినపడితే ఎవరైనా ఏం చేస్తారు?

అందుకే అంటున్నా, అది గొప్ప వాయింపు, చెడ్డ నమూనా. ఆ నెమ్మదిని హోరోవిట్స్ నింపగలడు. లోపలి గొంతుల్లో ఒక్కోసారి ఒక్కోదాన్ని పైకి తెస్తాడు, శ్రుతి పైకి వెళ్ళేకొద్దీ నాదం తగ్గిస్తాడు. పన్నెండేళ్ళ పిల్ల ఆ వేగాన్ని మాత్రం తీసుకుని, లోపల ఏమీ నింపలేక, స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ పెడుతుంది. దాన్నే మనం భావం అంటున్నాం, జడ్జీలు మార్కులు వేస్తున్నారు.

అర్జెంటీనా పియానిస్టు మార్తా అర్గెరిచ్ 1983లో రికార్డు చేసినప్పుడు ఆవిడా నిదానంగానే వాయించింది. అయినా వాక్యం తెగదు. పైగా సంపుటి మొత్తంలో భాగంగా వినడం వేరే అనుభవం. ట్రాయ్‌మెరైకి ముందు ఆరోది పెద్ద చప్పుడుతో నడిచే ఊరేగింపు లాంటి ముక్క. తరవాతి ఎనిమిదోది చలిమంట దగ్గర కూర్చోబెడుతుంది, అదే శ్రుతిలో. మధ్యలో ఉన్నది వీడ్కోలు కాదు, ఆటల మధ్య ఒక పిల్లాడు ఆగిన క్షణం. విడిగా తీసి కచేరీ చివర వాయించడం మొదలయ్యాకే దీనికి ఈ బరువంతా వచ్చిందని నా అనుమానం.

ఇంత చర్చ ఎందుకు, అందం అందమే, విప్పి చెప్పలేం అనేవాళ్ళుంటారు. 1920లో జర్మన్ స్వరకర్త హాన్స్ ఫిట్స్‌నర్ సరిగ్గా ఈ ముక్కనే చూపించి ఆ మాట అన్నాడు. ఆస్ట్రియా స్వరకర్త ఆల్బన్ బెర్గ్‌కి ఒళ్ళు మండి, అదే ఏడాది వ్యాసం రాసి, ఒక్కో స్వరం పట్టుకుని ఎందుకు బాగుందో నిరూపించాడు. నేను బెర్గ్ పక్షం. ఉదాహరణకి 22వ బారు చూడండి. ఆరు వాక్యాలూ అదే ఎత్తుగడతో మొదలవుతాయి, ఎక్కే శిఖరం మాత్రం మారుతూ ఉంటుంది. మొదటిసారి తార షడ్జమం, రెండోసారి తార గాంధారం. చివరి వాక్యంలో మళ్ళీ ఆ గాంధారమే, కానీ కింద కలిసి మోగే స్వరాలు మారాయి. శంకరాభరణంలా నడిచిన ముక్కలో లోపల ప్రతిమధ్యమం వచ్చి చేరుతుంది. షూమన్ అక్కడ ఆగమని గుర్తు పెట్టాడు. అప్పటిదాకా పాట నడిచి ఉంటేనే ఆ ఆగడం తెలుస్తుంది. ప్రతి బారులోనూ ఆగుతూ వచ్చినవాళ్ళకి ఇక్కడ ఆగడానికి ఏం మిగిలింది?

అలాగని నిమిషానికి 100 చట్టమని నేనను. ఆ వేగంలో ఎడమచేతి దూరాలు అందుకోవడం పెద్దవాళ్ళకే కష్టం. అసలు షూమన్ దీన్ని పిల్లలు వాయించడానికి రాయలేదు. పిల్లల కోసం పదేళ్ళ తరవాత వేరే సంపుటి రాశాడు. ఇది పెద్దవాడు బాల్యాన్ని తలుచుకోవడం.

మీ ఇంట్లో ఎవరైనా ఇది నేర్చుకుంటూ ఉంటే, హోరోవిట్స్ వీడియోకి ముందు ఫానీ డేవిస్‌ని వినిపించండి. మెట్రోనోమ్ క్లారా చెప్పిన 80 దగ్గర పెట్టి, పెడల్ లేకుండా, పై గొంతు ఒక్కటే కుడిచేత్తో వారం రోజులు వాయించమనండి. వాక్యం నోటికి వచ్చాక ఎడమచెయ్యి కలపండి. అందకపోతే 66కి దిగండి, తప్పులేదు. 44కి మాత్రం వద్దు, టీచరు అడిగినా సరే.