పెద్దాయనను మట్టికి చేర్చడానికి ఇరవై ఏళ్లా?

1996 జులైలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కెన్నెవిక్ దగ్గర, కొలంబియా నదిలో పడవ పందేలు చూడ్డానికి వెళ్లిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్లలో ఒకరి కాలికి పుర్రె తగిలింది. పోలీసులు వచ్చారు, అనుమానాస్పద మరణాలు పరిశీలించే అధికారి (కరోనర్) వచ్చాడు, హత్య అయ్యుండొచ్చనుకున్నారు. తుంటి ఎముకలో రాతి మొన బయటపడి, కార్బన్ పరీక్ష చేశాక తేలింది, ఆయన దాదాపు 9 వేల ఏళ్ల కిందటి మనిషని. కెన్నెవిక్ మ్యాన్ అంటే ఈయనే.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ మొన ఎవరు దింపారన్న మిస్టరీ దగ్గరే ఆగిపోతారు. నిజానికి మొన చుట్టూ ఎముక మానిపోయి ఉంది, ఆ దెబ్బతో ఆయన చనిపోలేదు. నాకు కడుపు మండేది ఆ తర్వాత జరిగినదానికి.

యుమటిల్లా, యాకమా, నెజ్ పెర్స్, కోల్‌విల్, వానపం అనే అక్కడి మూలవాసీ తెగలవాళ్లు ఈయన మా పూర్వీకుడు, మాకిచ్చేస్తే మట్టిలో పెట్టుకుంటాం అన్నారు. పుర్రె ఆకారం చూసి యూరప్ మనిషి పోలికలున్నాయని ప్రచారమైంది, ఆ ఎముకల్ని పరిశోధించనివ్వాలని 8 మంది శాస్త్రవేత్తలు కోర్టుకెక్కారు, 2004లో అప్పీల్ కోర్టులో కూడా గెలిచారు. తెగల పెద్దలేమో ఆ ఎముకల్ని ఉంచిన సియాటిల్‌లోని బర్క్ మ్యూజియానికి వెళ్లి, తమ పెద్దాయన దగ్గర ప్రార్థన చేసుకుని తిరిగొచ్చేవాళ్లు.

మా నాన్న అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలిపేదాకా మా అమ్మ మనసు కుదుటపడలేదు. అది కొన్ని రోజుల మాట. వీళ్లకు ఇరవై ఏళ్లు పట్టింది!

చివరికి 2015లో డీఎన్‌ఏ పరీక్ష చెప్పింది, ఆయన ఇక్కడి మూలవాసులకే దగ్గరివాడని. పోల్చి చూడ్డానికి కోల్‌విల్ వాళ్లు తమ శాంపిల్స్ కూడా ఇచ్చారు. నేను సైన్స్‌కు వ్యతిరేకం కాదు, ఆ పరీక్ష లేకపోతే వాదన ఇంకా సాగేదేమో. కానీ తాతల నుంచి నోటిమాటగా వచ్చిన జ్ఞాపకాన్ని సాక్ష్యంగా లెక్కే పెట్టకపోవడం అన్యాయం. మన వంశాల కథలు కూడా చాలావరకు అలా వచ్చినవేగా, ఎవరైనా ల్యాబ్ రిపోర్ట్ తెమ్మంటే మనమేం చేస్తాం?

2016 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ప్రత్యేకంగా చట్టం చేస్తేగానీ ఆయన్ను అప్పగించలేదు. 2017 ఫిబ్రవరి 18న రెండు వందల మందికి పైగా చేరి ఖననం చేశారు. ఎక్కడో బయటికి చెప్పలేదు. కొలంబియా వైపు పిల్లలతో ట్రిప్ వేసుకునే మనవాళ్లకు ఒక్కటే మనవి: ఆయన కథ పిల్లలకు చెప్పండి, ఆ చోటు కోసం మాత్రం వెతక్కండి.