రీప్లే గారి సంవత్సరీకం

హైదరాబాద్,
2025 మే 18.

మహారాజశ్రీ ఎఫ్ఏ కప్ రీప్లే గారి సముఖమునకు,

ఒక దూరదేశపు అభిమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడానికి మాత్రం మొహమాటంగా ఉంది. ఎఫ్ఏ కప్ అనే నాకౌట్ పోటీని నడిపే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘమూ (ఎఫ్ఏ), అక్కడి అగ్రశ్రేణి ప్రీమియర్ లీగూ కలిసి 2024 ఏప్రిల్‌లో ఆరేళ్ల ఒప్పందం రాసుకుని, మొదటి ప్రధాన రౌండు మొదలుకొని తమరికి తిలోదకాలు ఇచ్చేశాయి కదా! నిన్న రాత్రి వెంబ్లీలో ఫైనల్ ముగియడంతో, ఆ ఒప్పందం కింద ఆ రౌండ్లలో తమరి ఊసు లేకుండా సాగిన మొట్టమొదటి సీజన్ పూర్తయింది. మా వైపు ఇంట్లో పెద్దవారు పోతే, ఏడాది తిరిగేసరికి సంవత్సరీకం జరిపి, నలుగురికీ భోజనం పెట్టి, పోయినవారి మంచిచెడ్డలు చెప్పుకుంటాం. తమరికి ఆ కార్యం తలపెట్టిన వారెవరూ కనబడలేదు కనుక, భోజనాల మాట ఎలా ఉన్నా, మంచిచెడ్డలైనా చెప్పుకుందామని ఈ జాబు రాస్తున్నాను.

తమరి వంశచరిత్ర ఎరగనివారు మా ప్రాంతంలో ఎక్కువ. ఇక్కడ అందరూ క్రికెట్ ఉపాసకులే. వారి కోసం ఒక మాట చెప్పాలి: నాకౌట్ మ్యాచ్ డ్రా అయితే ఆ పూటకు ఇరుపక్షాలూ ఇళ్లకు పోయి, కొన్నాళ్లకు రెండో జట్టు మైదానంలో మళ్లీ తలపడటమే తమరి స్వరూపం. ఒకప్పుడు అక్కడా తేలకపోతే తేలేదాకా ఆడేవారు. 1971లో ఆల్వ్‌చర్చ్, ఆక్స్‌ఫర్డ్ సిటీ అనే రెండు చిన్న జట్లు ఒక్క పోటీ తేల్చుకోవడానికి ఆరు మ్యాచ్‌లు, మొత్తం పదకొండు గంటలు ఆడాయి. మా వీధి నాటకాలు కూడా తెల్లవారేసరికి ముగిసేవి. 1979లో షెఫీల్డ్ వెన్స్‌డేను దాటడానికి ఐదు మ్యాచ్‌లు ఆడవలసి వచ్చిన ఆర్సెనల్, ఆ అలసటతోనే వెళ్లి కప్పు కూడా గెలుచుకుంది.

తమరిని సాగనంపడానికి చెప్పిన ముఖ్య కారణం క్యాలెండర్‌లో చోటు లేకపోవడమే. యూరప్ ఛాంపియన్స్ లీగ్ తొలి దశలో ఆరు మ్యాచ్‌లు ఉండేవి ఎనిమిదయ్యాయి, కనుక పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు అలసిపోతారట. నమ్ముదామనే అనుకున్నాను. కానీ ఒప్పందం వెలువడి నెల దాటీ దాటకముందే, మే 19న లీగ్ ముగించుకున్న టోటెన్‌హామ్, న్యూకాజిల్ జట్లు విమానమెక్కి, 22వ తేదీకల్లా మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో స్నేహపూర్వక మ్యాచ్ ఆడుతూ కనిపించాయి. భూగోళంలో సగం చుట్టి వెళ్లి ఆడితే రాని అలసట, జనవరిలో ఒక బుధవారం రాత్రి సొంత దేశంలోనే ఆడితే ముంచుకొస్తుందన్నమాట. ఇప్పుడు వచ్చే నెలలో అమెరికాలో 32 జట్లతో క్లబ్ వరల్డ్ కప్ జరగబోతోంది. దానికి క్యాలెండర్‌లో చోటు ఎక్కడి నుంచి పుట్టిందో తమరు ఊహించగలరు.

ఈ సీజన్‌లో నాకు తమరు బాగా గుర్తొచ్చిన రోజు జనవరి 12. ప్రీమియర్ లీగ్‌ను మొదటి అంచెగా లెక్కిస్తే ఐదో అంచె లీగులో ఆడే టామ్‌వర్త్ తన చిన్న మైదానానికి, ఆ ప్లాస్టిక్ గడ్డి మీదికి, అదే టోటెన్‌హామ్‌ను రప్పించింది. టామ్‌వర్త్ గోల్‌కీపర్ రోజూ చేసే ఉద్యోగం భవనాల సర్వే. అటువంటి జట్టు 90 నిమిషాల పాటు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. తమరు ఉండి ఉంటే ఆ క్షణాన ఊరంతా ఒకరినొకరు కౌగిలించుకుని, అరవై వేలమందికి పైగా పట్టే టోటెన్‌హామ్ స్టేడియానికి బస్సులు మాట్లాడుకునేవారు; గేటు వసూళ్లలో వాటాతో క్లబ్బు పద్దుల పుస్తకం ఒక్కసారిగా కళకళలాడేది. దానికి బదులు, తొంభై నిమిషాలు నిలబడినందుకు బహుమానంగా ఆ ఉద్యోగస్తులకు మరో ముప్పై నిమిషాలు వడ్డించారు. అటు నుంచి సన్, కులుసెవ్‌స్కీ వంటి తాజా కాళ్లు బెంచీ మీద నుంచి లేచి వచ్చాయి. 0–0 కాస్తా 0–3 అయింది. పత్రికలన్నీ టామ్‌వర్త్ పోరాటాన్ని మెచ్చుకున్నాయి, కానీ మెప్పును బ్యాంకువారు జమ కట్టుకోరు.

2005లో ఎక్సెటర్ సిటీ కూడా ఐదో అంచెలోనే ఉండేది, పైగా అభిమానులే నడుపుకుంటున్న అప్పుల క్లబ్బు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో 0–0 చేసుకుని వచ్చి, తమరి పుణ్యమా అని సొంత మైదానంలో మళ్లీ ఆడి, 0–2తో ఓడింది. ఓడితేనేం, ఆ రెండు మ్యాచ్‌ల రాబడితో అప్పుల ఊబి నుంచి గట్టెక్కింది. ఇప్పుడు ఆ లోటు పూడ్చడానికి ప్రీమియర్ లీగ్ కింది స్థాయి ఫుట్‌బాల్‌కు ఏటా 3.3 కోట్ల పౌండ్ల వరకు అదనంగా ఇస్తుందని చెప్పారు. రెక్కల కష్టం మీద తెచ్చుకున్న కూలి డబ్బుకూ, పెద్దింటి అరుగు ముందు వరుసలో నిలబడి పుచ్చుకునే సంభావనకూ తేడా ఏమిటో ఒప్పందం రాసినవారికి తెలియదనుకోను. అసలు తమను అడగనే లేదని కింది లీగుల వారు మొత్తుకున్నారు కూడా. పెళ్లిచూపులకు పిల్లను తప్ప అందరినీ పిలిచారు.

తమరి పేరే పెట్టుకున్న ఒక దాయాది మాత్రం దినదినాభివృద్ధి చెందుతున్నాడు. ఆయన వీడియో రీప్లే గారు. మార్చి 1న అయిదో రౌండులో బోర్న్‌మత్, వుల్వ్స్ మధ్య మ్యాచ్‌లో ఒక గోల్ చెల్లుతుందో లేదో చూడటానికి ఆయనగారు సుమారు ఎనిమిది నిమిషాలు తీసుకున్నారు. ఆఫ్‌సైడ్‌ను (దాడి చేసే ఆటగాడు హద్దు దాటి ముందున్నాడా అన్నది) చిటికెలో తేల్చేస్తుందని ఆర్భాటంగా తెచ్చిన యంత్రాన్ని ఇంగ్లండ్‌లో తొలిసారి వాడింది ఆ వారాంతంలోనే. గుమిగూడిన ఆటగాళ్లలో ఏ కాలు ఎవరిదో దానికి అంతుపట్టక, చివరికి మనుషులే గీతలు గీసుకుని గోల్ చెల్లదన్నారు. మరో మ్యాచ్ ఆడించడానికి తీరిక లేని పోటీలో, ఒక మోకాలిని ఎనిమిది నిమిషాలు పరీక్షించే తీరిక ఉంది. ఆ మ్యాచ్ కూడా 1–1గా ముగిసి, గోల్‌కీపర్ ఎదుట ఒక్కొక్కరూ బంతి తన్ని గెలుపు తేల్చుకునే పెనాల్టీలకే పోయింది. మర్నాడు డిఫెండింగ్ ఛాంపియన్ మాంచెస్టర్ యునైటెడ్ కూడా ఫుల్‌హామ్ చేతిలో పెనాల్టీలలోనే ఓడింది. జనవరిలో ఆర్సెనల్‌ను అదే పెనాల్టీలతో ఇంటికి పంపినవారికి ఆ మాత్రం వాయనం తిరిగిరావడం న్యాయమే.

ఇంతవరకు రాసినదంతా చదివి తమరు ఉబ్బిపోకూడదు. తమరు లేకపోయినా సీజన్ రంజుగానే సాగింది. ఫిబ్రవరి 9న రెండో అంచెలో అట్టడుగున ఉన్న ప్లిమత్ ఆర్గైల్, తరువాత లీగ్ ఛాంపియన్ కాబోయే లివర్‌పూల్‌ను 1–0తో ఓడించింది. ర్యాన్ హార్డీ కొట్టిన ఒక్క పెనాల్టీతో పని ముగిసింది. ఏ రీప్లే అవసరమూ పడలేదు. ఆ ప్లిమత్ సీజన్ చివర ఇంకో అంచె కిందికి జారిపోయింది, అది వేరే సంగతి.

ఇక నిన్నటి ఫైనల్. 1905లో పుట్టిన క్రిస్టల్ ప్యాలెస్ తన జీవితంలో మొదటి పెద్ద కప్పు గెలిచింది. పదహారో నిమిషంలో ఎబెరెచి ఎజే గోల్ కొట్టాడు. ఒమర్ మర్మూష్ పెనాల్టీని డీన్ హెండర్సన్ ఆపాడు. బంతి దాదాపు అన్ని వేళలా మాంచెస్టర్ సిటీ కాళ్ల దగ్గరే తిరుగుతున్నా గోల్‌గా మారలేదు. మాకు రాత్రి తొమ్మిదింటికి మొదలైన మ్యాచ్‌లో చివరి ఇరవై నిమిషాలు నేను కుర్చీలో కూర్చోలేదు.

అయితే తారీఖు చూశారా? మే 17. సరిగ్గా ముప్పై అయిదేళ్ల కిందట, 1990లో ఆ రోజునే ప్యాలెస్‌కు తమరు చేసిన ఉపకారం వారు మరిచిపోయి ఉండరు. ఆ ఏడాది మే 12న యునైటెడ్‌తో ఫైనల్‌లో, బెంచీ మీద నుంచి వచ్చిన ఇయాన్ రైట్ రెండు గోల్స్ కొట్టగా, ప్యాలెస్ 3–2 ఆధిక్యంలో ఉంది. అదనపు సమయం ఇంకో ఏడు నిమిషాలుందనగా మార్క్ హ్యూస్ 3–3 చేశాడు. అప్పుడు తమరు కండువా సర్దుకుని వేంచేశారు. అయిదు రోజుల తరువాత లీ మార్టిన్ ఒకే ఒక్క గోల్ కొట్టాడు, కప్పు మాంచెస్టర్‌కు వెళ్లింది, వారి మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అక్కడ మొదటి ట్రోఫీ ముద్దాడాడు. చిన్నవారి కొమ్ము కాసే దేవుడని తమరిని ఇంతసేపు కీర్తించిన నేను ఆ రాత్రి సంగతి దాచడం భావ్యం కాదు. పెద్దింటివారికి రెండో అవకాశం ఇవ్వడంలో కూడా తమరు ఏనాడూ లోపం చేయలేదు. అయినా వారే తమరిని వెళ్లగొట్టారంటే, వారి కృతజ్ఞతను ఏమని కొనియాడాలి!

ఈ జాబు ముగించబోతుండగా ఒక సంగతి తట్టి నాలుక కరుచుకున్నాను. పైన నేనే రాసినట్టు, ఒప్పందం మొదటి ప్రధాన రౌండు నుంచే వర్తిస్తుంది కదా. అంతకు ముందు, ఆగస్టు నుంచి ఊరి చివరి మైదానాల్లో కొన్ని వందలమంది ముందు జరిగే అర్హత రౌండ్లలో ఈ సీజన్‌లోనూ తమరు సలక్షణంగా తిరుగాడారు. కనుక పైన వాడిన సంవత్సరీకం అనే మాటను అపచారంగా భావించక మన్నించవలెను. తమరిది వానప్రస్థమని సవరించుకుంటున్నాను. ఈ జాబు అందినట్టు మాత్రం పెద్ద క్లబ్బుల చెవిన వేయకండి. తమరు ఇంకా బతికే ఉన్నారని తెలిస్తే మరో ఒప్పందం రాసుకుంటారు.

ఇట్లు,
90వ నిమిషంలో 0–0 కాగానే “ఇంకో మ్యాచ్ ఉందిలే” అని టీవీ కట్టేసే అలవాటు మానుకోలేని
తమ విధేయుడు.