షాంటౌను నిలబెట్టిన ఉత్తరాలు

చైనాలో గ్వాంగ్‌డాంగ్ తీరానికి తూర్పు కొసన ఉన్న షాంటౌ ఇప్పుడు పర్యాటకుల ఊరు. గొడ్డుమాంసం హాట్‌పాట్ కోసం వస్తారు, చిట్టి కప్పుల్లో కుంగ్‌ఫూ టీ తాగుతారు, డప్పుల హోరులో పొట్టి కర్రలు కొడుతూ ఆడే యింగ్గె నాట్యం చూస్తారు. పాత ఊళ్లో ‘చిన్న పార్కు’ చుట్టూ ఉన్న వసారాల వీధుల్ని కూడా బాగుచేశారు. సంతోషమే. కానీ ఈ ఊరిని అర్థం చేసుకోవాలంటే మాత్రం అక్కడి చియావ్‌పీ మ్యూజియంలో అడుగుపెట్టాల్సిందే.

చియావ్‌పీ అంటే విదేశంలో ఉన్న మనిషి డబ్బుతో కలిపి ఇంటికి పంపిన ఉత్తరం. కవరు మధ్యలో నిలువుగా ఎర్ర పట్టీ, ఒక మూల పంపిన మొత్తం. లోపల నాలుగు ముక్కల క్షేమసమాచారం, తర్వాత పంపకాల లెక్క: అమ్మకింత, పిన్నికింత, పిల్లాడి చదువుకింత. రాయడం రాని కూలీలు బ్యాంకాక్‌లోనో సింగపూర్‌లోనో డబ్బులిచ్చి రాయించుకునేవారు. మొదట్లో వీటిని మోసినవాళ్లు ‘నీటి అతిథులు’, అంటే ఓడల మీద అటూ ఇటూ తిరిగే ఊరివాళ్లే. తర్వాత అదే పనికి దుకాణాలు వెలిశాయి. డబ్బు ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఇచ్చి, జవాబు రాయించుకుని మరీ తీసుకెళ్లేవారు. ఆ జవాబే రసీదు. ఇదంతా నడిచింది పరిచయం మీద, ఒకే యాస మీద. ఇక్కడివాళ్ల యాస తియోచూ మాటలో చెప్పాలంటే ‘కకీ నాంగ్’, మనవాళ్లు.

సాగుభూమి తక్కువ, జనం ఎక్కువ. అందుకే ఇక్కడివాళ్లు షాంటౌ పక్కనున్న చెంగ్‌హాయ్‌లోని జాంగ్‌లిన్ రేవు నుంచి ముక్కుకు ఎర్రరంగు పూసిన ఓడలెక్కి సియాంకు, అంటే ఇప్పటి థాయిలాండ్‌కు వెళ్లారు. తండ్రి చెంగ్‌హాయ్ మనిషైన తక్సిన్ 1767లో సియాం రాజయ్యాడు కూడా. వలసల గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి గెలుపు కథలే ముందు చెబుతారు. నాకు అది నచ్చదు. 1850లలో ఇదే తీరం నుంచి మనుషుల్ని కూలీలుగా అమ్మిన వ్యాపారమూ ఈ ఊరి చరిత్రే.

1939 జూన్‌లో జపాన్ సైన్యం షాంటౌను పట్టుకుంది. వియత్నాం సరిహద్దులోని డోంగ్‌షింగ్ మీదుగా చుట్టూ తిప్పి డబ్బు చేరవేసే దారి కనిపెట్టారు. ఎన్ని దారులు వెతికినా యుద్ధం ముదిరేకొద్దీ ఉత్తరాలు ఆగిపోయాయి. వాటి మీదే పొయ్యి వెలిగే ఇళ్లు 1943 కరువులో తల్లడిల్లాయి. ఒక ప్రాంతం బతుకు ఈ కాగితాల మీద ఎంతగా ఆధారపడిందో అప్పుడు తెలిసింది. చైనా తొలి నాలుగు ప్రత్యేక ఆర్థిక మండలాల్లో షాంటౌ చేరడానికీ ఆ విదేశీ బంధుత్వాలే పెద్ద కారణం.

2013లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో గ్వాంగ్‌డాంగ్, ఫూజియన్ ప్రాంతాలకు చెందిన సుమారు 1,60,000 పత్రాలకు చోటు దక్కింది. గొప్ప గుర్తింపే. అయితే అందులో ఒక వెలితి ఉంది. ఇంటికొచ్చిన ఉత్తరాల్ని ఇళ్లవాళ్లు పెట్టెల్లో దాచారు. ఇంటి నుంచి వెళ్లిన జవాబులు మాత్రం చాలా తక్కువే మిగిలాయి. పంపినవాడి గొంతు వినిపిస్తుంది, ఎదురుచూసిన ఆవిడ గొంతు వినిపించదు.

అదే కాలంలో కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్లూ వేలల్లో రంగం, అంటే బర్మాలోని రంగూన్ ఓడలెక్కారు. వాళ్లూ ఇంటికి డబ్బు పంపారు, ఉత్తరాలు రాయించారు. వాటిని ఇలా ఒకచోట పోగేసిన మ్యూజియం మనకు లేకపోవడం నన్ను బాధిస్తుంది. షాంటౌ పరిశోధకులు ముందు వెతకాల్సింది బ్యాంకాక్, సింగపూర్ పాత ఇళ్ల అటకలు. డబ్బు ముట్టిందనీ, బియ్యం ధర పెరిగిందనీ, పిల్లాడు నడుస్తున్నాడనీ ఆవిడ రాయించిన జవాబు వెళ్లింది అక్కడికే.